తోలు మీద తెలుగు అక్షరాలు చెక్కేటప్పుడు వచ్చే తంటాలు, వాటికి మందు

తోలు మీద పేరు చెక్కడంలో చెయ్యి తిరగక పాడయ్యేవి తక్కువ, తడి కుదరక పాడయ్యేవి ఎక్కువ. తిరుపతిలో మే నెల ఎండలో, ఫ్యాన్ కింద కూర్చుని నేను చెడగొట్టిన ముక్కలు ఒక సంచి నిండా ఉన్నాయి. ఏ తంటా వచ్చినా ముందు తడి చూసుకోండి. కత్తినీ చేతినీ అనుమానించడం ఆ తర్వాత.

కోసిన గీత మూసుకుపోతోంది, దెబ్బ కొట్టినా గుర్తు నిలవడం లేదు

అసలు తోలు సరైనదేనా? చిత్తూరు దాటితే రాణిపేట, ఇంకా ముందుకు ఆంబూరు, వాణియంబాడి, అన్నీ తోళ్ల ఊళ్లే. కానీ షాపులో ఊరికే "లెదర్ కావాలి" అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు క్రోమ్ లవణాలతో పదును చేసిన మెత్తటి రకం. బ్యాగులకు అది బాగుంటుంది, చెక్కడానికి పనికిరాదు. చెట్టు బెరడుతో పదును చేసిన "వెజ్ టాన్" కావాలని, రంగు వేయనిదే కావాలని అడగండి. మందం 3 మిల్లీమీటర్ల దాకా ఉంటే మేలు. అంచు కోసి చూడండి. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్. వెజ్ టాన్ మీద నీటి చుక్క వేస్తే పీల్చుకుని ముదురుతుంది, తడిమీద గోరుతో నొక్కితే గాటు అలాగే ఉంటుంది.

తోలు సరైనదే అయితే తడి ఎక్కువైందన్నమాట. స్పాంజ్‌తో రెండువైపులా సమంగా తడిపి, పాలిథిన్ కవర్లో చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి ఆరనివ్వండి. రంగు దాదాపు మొదటిలా తేలిపోవాలి, చెంపకు ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగలాలి. కత్తి పెట్టాల్సింది అప్పుడే. ఎండాకాలం ఈ అదును ఎంతోసేపు నిలవదు. అందుకే ఫ్యాన్ ఆపేసి, చెక్కని భాగం మీద కవర్ కప్పి పనిచేస్తాను. చెమట పడుతుంది, తప్పదు. నవంబర్ వానల్లో దీనికి రివర్స్. కవర్లో రెండు రోజులు మరిచిపోతే బూజు పట్టేస్తుంది.

గీత సాఫీగా లేదు, అంచులు పీచు పీచుగా లేస్తున్నాయి

తోలు ఎండిపోయిందన్నా అయ్యుండాలి, స్వివెల్ నైఫ్ (వేళ్ల మధ్య తిప్పుతూ గీత కోసే కత్తి) మొద్దుబారిందన్నా అయ్యుండాలి. కొత్త కత్తి అయినా అలాగే వాడేయకండి. స్టీలు సామాన్లకు మెరుగు పెట్టేవాళ్లు వాడే ఆకుపచ్చ పాలిష్ కడ్డీని అట్టముక్క మీద రుద్ది, దాని మీద అంచును వెనక్కి లాగుతూ నున్న చేయండి. పని మధ్యలోనూ పావుగంటకోసారి ఇదే చేయాలి. గీతకు ఒక గోడ నిలువుగా, ఇంకోటి ఏటవాలుగా వస్తుంటే కత్తి పక్కకు ఒరుగుతోందని అర్థం.

అక్షరం గుండ్రంగా తిరగడం లేదు, పైగా వేరే అక్షరంలా కనిపిస్తోంది

ఇంగ్లీషు పెద్దక్షరాల్లో సగం నిలువు గీతలే. మనకు అలా కాదు, అన్నీ వంపులే. కత్తిని మాత్రమే తిప్పి సున్నా చుట్టాలని చూస్తే మణికట్టు ఒకచోట ఆగిపోతుంది, అక్కడే గీత విరుగుతుంది. ఒక చేత్తో కత్తి మెల్లగా తిప్పుతూ, రెండో చేత్తో తోలును కూడా తిప్పండి. కుమ్మరి సారె తిరిగినట్టు. వంపు మధ్యలో కత్తి ఎత్తకండి. ఎత్తక తప్పకపోతే గీతలు కలిసే మూలదాకా వెళ్లి ఎత్తండి. మూల దాటి గీత పోతే దాన్ని పూర్తిగా మాపలేం. తడిగా ఉన్నప్పుడే స్పూన్ వెనకవైపుతో రుద్ది మూయొచ్చు, మిగిలిన మచ్చను చుట్టూ చుక్కల నేపథ్యం కొట్టి దాచొచ్చు.

రెండో ప్రమాదం లోపలి ఖాళీల్లో ఉంది. మొదట్లో ఒక బైకు కీచైన్ మీద "రమణ" అని చెక్కాను. ర సున్నాలో అంచు దించడానికి బెవెలర్ (గీత పక్క తోలును అణిచే పనిముట్టు) పెట్టి నాలుగు దెబ్బలు వేశాను. పనిముట్టు మొన ఆ సున్నాకంటే పెద్దది. దాని మడమ మధ్యలో చిన్న గుంట పెట్టింది. తీసుకున్నాయన చూసి, "ఇదేందన్నా, నా పేరు ఠమణ చేసినావే" అన్నాడు. నిజమే, ర కడుపులో చుక్క పడితే ఠ. ద, ధ, థలకూ ఇదే గొడవ. చిన్న ఖాళీల్లో బెవెలర్ వాడొద్దు, మొద్దు సూదితో చేత్తోనే నొక్కండి. ఒత్తులున్న పేరైతే అక్షరం ఎత్తు కనీసం రెండున్నర సెంటీమీటర్లు పెట్టుకోండి. అంతకన్నా చిన్నగా అడిగితే నేను ఒప్పుకోను.

ఏ వైపు దించాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. గీతకు బయటివైపు దించితే అక్షరం పైకి లేస్తుంది, లోపలివైపు దించితే అక్షరం కిందికి పోతుంది. ఒకే పేరులో రెండూ కలిస్తే చదవలేరు.

ఎక్కడా రంగు వేయకుండానే నల్లమచ్చలు

దీనికి కారణం శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లను అడిగితే వెంటనే చెప్తారు. కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట మీద, ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రవంతో గీస్తే నల్లగా తిరుగుతుంది కదా. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, తోలు కూడా అలాంటి టానిన్‌లోనే నానింది. తుప్పు పట్టిన పనిముట్టు, తోలు కింద పెట్టే రాయి మీద పడిన ఇనుప పొడి, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు, ఏది తడి తోలుకు తగిలినా అదే రసాయనం జరుగుతుంది. అక్కడ అది కళ, ఇక్కడ మచ్చ. నిమ్మరసం నీళ్లలో కలిపి దూదితో ఒకటి రెండుసార్లు అద్దితే లేత మచ్చ పోతుంది. తర్వాత మంచినీళ్లతో మొత్తం ముక్కను సమంగా తుడవండి, లేకపోతే నిమ్మరసం అంచే ఇంకో మచ్చవుతుంది. నేను తడపడానికి ఫిల్టర్ నీళ్లే వాడతాను.

పేరు వంకరగా సాగిపోయింది, అంచు మెట్లు మెట్లుగా వచ్చింది

కొట్టినకొద్దీ తడి తోలు సాగుతుంది. మొదలుపెట్టకముందే వెనకవైపు ప్యాకింగ్ టేప్ అంటించండి. కింద గ్రానైట్ ముక్క ఉండాలి. కిచెన్ గట్లు వేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు దొరుకుతాయి. చెక్కబల్ల మీద కొడితే దెబ్బ సగం బల్లే మింగేస్తుంది. మెట్లు పడుతుంటే బెవెలర్‌ను ఒక్కో దెబ్బకు దాని వెడల్పులో సగమే జరపండి.

వాడకంలో గీత దగ్గర పగిలింది

కోత లోతెక్కువ. మందంలో మూడో వంతు దాటకూడదు, వంగే బెల్టుకు అంతకంటే తక్కువే. పగిలాక అతికించే మార్గం లేదు. ఆ ముక్కను కత్తి అంచు పరీక్షించుకోవడానికి పక్కన పెట్టుకోండి.