మహేంద్రగిరిని జపాన్ పద్ధతిలో రంగుల్లో అచ్చు వేయాలంటే

చెక్క పలకలు చెక్కి అచ్చు వేసే జపాన్ ప్రకృతి ప్రింట్లు అనగానే అందరూ హొకుసాయ్, హిరోషిగె అనే చిత్రకారుల పేర్లు చెప్తారు గానీ వాళ్లు గీసింది బొమ్మ మాత్రమే. చెక్కినవాళ్లు వేరు, అచ్చు వేసినవాళ్లు వేరు, డబ్బు పెట్టి అమ్ముకున్న పబ్లిషర్ ఇంకొకరు. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఇంట్లో కూర్చుని చేసే మనం ఆ పనులన్నీ ఒక్కళ్లమే చేసుకోవాలి కాబట్టి మొదటి బొమ్మ చిన్నది పెట్టుకోండి, పోస్టుకార్డుకి రెండింతలు చాలు. వాళ్ల ఫూజీ కొండనే కాపీ కొట్టక్కర్లేదు, 1,501 మీటర్ల మహేంద్రగిరి మనకుంది. వాన వెలిసిన పొద్దున చూడండి, ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే ఆ కొండల వరసలు ఈ పద్ధతికి చక్కగా సరిపోతాయి.

చెక్క దగ్గర ఎక్కువ ఆలోచించొద్దు. అక్కడ కొండ చెర్రీ వాడతారు, మనకి గుమ్మడి టేకు దొరికితే వడ్రంగి చేత నున్నగా చిత్రిక పట్టించండి, లేకపోతే మంచి ప్లైవుడ్ తెచ్చుకోండి. మూడు పలకలు, అన్నీ ఒకే సైజు. రెండు వైపులా చెక్కుకోవచ్చు.

అసలు పని గుర్తుల్లో ఉంది. వీటిని కెంతో అంటారు. పలక కింది అంచున కుడి మూలలో కాగితం మూల ఆనేలా ఒక ఎల్ ఆకారపు గాటు, ఎడమ వైపుకి కింది అంచు ఆనేలా ఒక సూటి గాటు, లోతు మిల్లీమీటరు లోపే. ప్రతి రంగుకీ కాగితం వీటికే ఆనాలి. ముందు పలచటి కాగితం మీద బొమ్మా గుర్తులూ కలిపి గీసి, బోర్లా తిప్పి పలకకి అతికించి, గీతల పలక చెక్కండి. తర్వాత దాని నుంచి గుర్తులతో సహా పలచటి కాగితాల మీద నల్ల అచ్చులు తీసి, వాటిని మళ్లీ బోర్లా మిగతా పలకలకి అతికించి, ఏ రంగుకి ఏది కావాలో అది మాత్రం ఉంచి మిగతాది తీసేయండి. రంగులకి పలకలు విడిగా గీసుకుందాం అనుకుంటే మాత్రం కొండ ఒకచోట, దాని రంగు ఇంకోచోట పడతాయి.

కాగితం తడిపే తీరు చేత్తోనే తెలియాలి. జిగురూ పటికా పట్టించిన చేతి కాగితం అయితే రంగు పాకదు. తడిపిన న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ప్లాస్టిక్ కవర్లో రాత్రంతా ఉంచండి. పొద్దున బుగ్గకి ఆనించినప్పుడు చల్లగా తగలాలి గానీ నీటి మెరుపు కనిపించకూడదు. మన మే నెలలో బయటికి తీసిన కాసేపటికే అంచులు ఎండి కాగితం కుంచించుకుపోతుంది, అప్పుడు గుర్తులు ఎంత బాగా చెక్కినా రంగులు కలవవు. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టండి. వానాకాలంలోనేమో తడి కాగితాలు రెండు రోజులు దాటితే బూజు గ్యారంటీ.

బియ్యప్పిండిని నీళ్లలో కలిపి అద్దంలా తేటపడేదాకా ఉడికించి చల్లార్చండి. పలక మీద కొంచెం వాటర్ కలర్, కందిగింజంత ఈ గంజి వేసి బ్రష్‌తో సమంగా రుద్దాలి. బ్రష్‌కి ఖర్చు పెట్టక్కర్లేదు, కొత్త బూట్ పాలిష్ బ్రష్ భేషుగ్గా పనికొస్తుంది. కాగితం గుర్తులకి ఆనించి పరిచి, వెనక నుంచి రుద్దండి. జపాన్‌లో దీనికి వెదురు పొరతో చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్ల వాడతారు. మనం గుండ్రటి ప్లైవుడ్ బిళ్లకి సన్నని జనపనార తాడు చుట్టలా అతికించి పైన నున్నని గుడ్డ బిగించుకుంటే సరి.

ముందు గీతలు, తర్వాత లేత రంగులు, ముదురువి చివర్న. ఆకాశానికి ప్రష్యన్ బ్లూ, 1830 ప్రాంతంలో హొకుసాయ్ ఫూజీ బొమ్మలకి వాడిన నీలం అదే, ఇప్పుడు స్టేషనరీ షాపులో ట్యూబ్‌లో దొరుకుతుంది. ఆకాశం పలకని తడి గుడ్డతో తుడిచి, పై అంచున మాత్రమే రంగు పెట్టి, బ్రష్‌ని అడ్డంగా ఆడిస్తూ కిందికి తెండి. నీలం తనంతట తానే పలచబడుతూ మాయమవుతుంది. దీన్నే బొకాషి అంటారు. మహేంద్రగిరి మంచుకి కూడా ఇదే, కాకపోతే కొండ పాదాల దగ్గర తడి పెట్టి, ముదురు పైన ఉంచాలి.

ఒక సెట్టు అయ్యాక పలకలు నీడలోనే ఆరబెట్టండి, ఎండలో వంగిపోతాయి. వాటినే మళ్లీ వాడొచ్చు. జపాన్ చిత్రకారుడు హిరోషి యోషిదా 1926లో తెరచాప పడవల బొమ్మని అవే పలకలతో రంగులు మార్చి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంటూ వేరువేరు ప్రింట్లుగా తీశాడు. మీరూ నీలం బదులు కాస్త నారింజ, కొండకి ఊదా వేసి చూడండి.