కథలోని గ్రహానికి మొండి సూక్ష్మజీవిని సృష్టించడం ఎలా?

మరిగే నీళ్లు, ఆమ్లం, రేడియేషన్, ఎక్కడైనా బతికేస్తుందని రాస్తే ఆ జీవిని ఎవరూ నమ్మరు. నిజమైన మొండి జీవులకు తమ చోటే బలం. మీథనోపైరస్ కాండ్లెరై అనే సూక్ష్మజీవి 122 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పెరిగిందని 2008లో ప్రకటించారు. అదే జీవి మనకు హాయిగా ఉండే గది వేడిలో పెరగలేదు.

ముందు చోటు ఎంచుకోండి. కష్టాలు ఒకటో రెండో చాలు. ఉదాహరణకి మంచు కింద, చీకట్లో, మైనస్ 30 డిగ్రీల ఉప్పుమడుగు. మెగ్నీషియం పెర్‌క్లోరేట్ అనే లవణం బాగా కలిసిన నీరు అంత చలిలోనూ గడ్డకట్టదు. భూమ్మీద మైనస్ 15 దగ్గర పెరిగే బ్యాక్టీరియా ఉంది, మైనస్ 30 మాత్రం మన ఊహ. కథకి ఇలాంటి ఊహ ఒక్కటే ఉండాలి, మిగతాదంతా తెలిసిన రసాయనశాస్త్రంలోనే నడవాలి.

తర్వాత తిండి. చాలామంది వదిలేసేది ఇదే, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. జీవికి శక్తి రావాలంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం ఒకటి, పుచ్చుకునేది ఒకటి కావాలి. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున ఒక బ్యాక్టీరియా దొరికింది. దానికి సూర్యుడితో పనే లేదు. రాళ్లలోని యురేనియం రేడియేషన్‌కి నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది, ఆ హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు ఇస్తే సల్ఫేట్ పుచ్చుకుంటుంది, అలా ఆ బ్యాక్టీరియా బతుకుతుంది. మన మడుగులోనూ హైడ్రోజన్ అలాగే పుట్టనివ్వండి, సల్ఫేట్ బదులు పెర్‌క్లోరేట్ పెట్టండి. పెర్‌క్లోరేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియా నిజంగానే ఉన్నాయి.

ఇక ఒళ్లు. చలికి కణపొర బిగుసుకుపోకుండా అందులో వంపు తిరిగిన కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉండాలి, ప్రోటీన్లు వదులుగా ఉండాలి. రంగు కావాలా? ఉప్పుమళ్లలో గులాబీ రంగు తెచ్చే జీవులకు ఆ వర్ణకాలు ఎండ దెబ్బ నుంచి కాపలా. చీకటి మడుగులో ఆ ఖర్చు దండగ, రంగు లేకుండా వదిలేయండి.

ప్రతి బలానికీ మూల్యం రాయండి. చలిలో రసాయన చర్యలు నెమ్మది, పైగా హైడ్రోజన్ అందేది కొద్దికొద్దిగానే. అందుకే ఈ జీవి రెండుగా చీలడానికి దశాబ్దాలు పట్టొచ్చు. వెచ్చని ల్యాబ్‌కి తెస్తే పొర కారిపోతుంది, ప్రోటీన్ల ఆకారం చెడుతుంది. మంచినీళ్లలో వేస్తే నీరు లోపలికి దూసుకెళ్లి కణం పగులుతుంది. కథలో టెన్షన్ ఇక్కడే పుడుతుంది: నమూనాని బతికించి తేవడమే పాత్రలకు పెద్ద పని.

చివరగా, అది వదిలే ఆనవాలు తేల్చుకోండి. ఈ శ్వాసలో పెర్‌క్లోరేట్ క్లోరైడ్‌గా మారుతుంది కాబట్టి, పెర్‌క్లోరేట్ తగ్గి క్లోరైడ్ పెరిగిన పొర ఒకటి మడుగు అడుగున ఉంటుంది. మీ పాత్రలకు జీవి కన్నా ముందు ఆ లెక్క తేడానే కనబడనివ్వండి.