ఆటిజం ఉన్న పిల్లల కణాల నుంచి న్యూరాన్లు: పని ఎలా మొదలుపెట్టాలి

ముందుగా ఒక మాట. ఆటిజం మొత్తాన్నీ ఒకేసారి పట్టుకోవాలని చూడకండి, ఒక్క జన్యువు ఎంచుకోండి. ఆటిజంతో ముడిపడిన జన్యువులు వందల్లో ఉన్నాయి, అందరి కణాలూ కలిపేస్తే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. టిమోతి సిండ్రోమ్‌నే చూడండి, ఆటిజం లక్షణాలు కూడా కనిపించే అరుదైన జన్యు జబ్బు ఇది: సీఏసీఎన్‌ఏ1సీ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, నాడీకణమైన న్యూరాన్‌లోకి కాల్షియం వెళ్లే దారి వేళకు మూసుకోదు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్గియు పాష్కా, రికార్డో డోల్మెచ్ బృందం ఆ రోగుల చర్మ కణాల నుంచే న్యూరాన్లు పెంచి ఈ లోపాన్ని నేరుగా చూసింది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేకుండా సూది కూడా ముట్టుకోవద్దు. ఇది పరిశోధన, బిడ్డకు వైద్యం కాదు అని సమ్మతి పత్రం మొదట్లోనే, వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. ఆటిజంకి స్టెమ్ సెల్ (మూలకణ) థెరపీ అంటూ డబ్బు గుంజే చోట్లు మన దగ్గరా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దాన్ని చికిత్సగా ఒప్పుకోలేదు. ఆశతో వచ్చిన తల్లిని కూర్చోబెట్టి ఈ తేడా చెప్పడం మీ బాధ్యతే.

చిన్న చర్మపు ముక్క గానీ కొద్దిగా రక్తం గానీ సరిపోతుంది. మామూలు కణాన్ని మూలకణంగా వెనక్కి మార్చే, జపాన్ శాస్త్రవేత్త యమనక కనిపెట్టిన నాలుగు కారకాలను సెండాయ్ వైరస్‌తో ఆ కణాల్లోకి పంపితే (ఈ వైరస్ మన డీఎన్ఏలో కలవదు) మూడు నాలుగు వారాల్లో మూలకణాల కాలనీలు కనిపిస్తాయి. క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయా, మైకోప్లాస్మా బ్యాక్టీరియా సోకిందా అన్న పరీక్షలు అయ్యాకే వాటిని న్యూరాన్లుగా మార్చే పనికి వెళ్లండి.

అసలు కష్టం కంట్రోల్, అంటే పోల్చి చూసే కణాల దగ్గరే. ఆరోగ్యంగా ఉన్న వేరే మనిషి కణాలతో పోలిస్తే ఆ ఇద్దరి జన్యువుల్లో ఉండే లక్షలకొద్దీ తేడాలూ లెక్కలోకి వచ్చేస్తాయి, అందుకే అదే పిల్లాడి కణాల్లో ఆ ఒక్క మార్పునే, డీఎన్ఏను మార్చే పరికరమైన క్రిస్పర్‌తో సరిచేసి, ఆ జతను పక్కపక్కనే పెంచండి. ఒక్కొక్కరి నుంచి రెండు మూడు క్లోన్లు (ఒక్కో మూలకణం నుంచి పెరిగిన కణాల వరుసలు) తీసుకోండి. ఒకే క్లోన్‌లో యాభై న్యూరాన్లు కొలిచి శాంపిల్ యాభై అని రాయకండి, అక్కడున్నది ఒక్క మనిషే.

న్యూరాన్లు ఎదగడానికి నెలలు పడుతుంది, అప్పటికీ అవి గర్భంలోని శిశువు మెదడు దశలోనే ఉంటాయి. వాటిలో ప్రవర్తన కనపడదు. కాల్షియం, సినాప్సులు (న్యూరాన్ల మధ్య సంధులు), కణాల కదలిక వంటివే కొలవగలం.

తేడా దొరికాక దాన్ని సరిచేసే మందు వెతకాలి. 2024లో పాష్కా బృందం టిమోతి సిండ్రోమ్ లోపాన్ని యాంటీసెన్స్ అణువులతో (జన్యువు పంపే ఆర్ఎన్ఏ సందేశానికి అతుక్కుని దాన్ని మార్చేవి) ఆర్గనాయిడ్లలో, అంటే మూలకణాల నుంచి పెంచిన మెదడు కణజాలపు చిన్న ముద్దల్లో, సరిచేసి చూపింది. ఆ దశకు వచ్చేసరికి మీకూ ఇవే కణాలు మళ్లీ కావాలి. కాబట్టి తొలి పాసేజీల్లోనే (కణాలను కొత్త పాత్రలోకి మార్చే తొలి విడతల్లోనే) ఎక్కువ వయల్స్ ద్రవ నైట్రోజన్‌లో దాచిపెట్టుకోండి.