ఇంటర్‌లో 950, మొదటి మిడ్‌లో 9: ఎక్కడ తేడా కొట్టింది?

మా ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు పెట్టిన రోజు మా స్టాఫ్ రూమ్ ముందు గుంపు తప్పదు. కావలి నుంచి, పొదిలి నుంచి వచ్చిన పిల్లలు. ఇంటర్‌లో అందరూ టాపర్లే.

సమస్య: చదివినట్టే ఉంటుంది, పేపర్ చూస్తే ఏమీ రాదు.

కారణం: ఇంటర్‌లో తెల్లవారుజామున లేపేదీ, స్టడీ అవర్లో కూర్చోబెట్టేదీ, ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కు పెట్టించేదీ కాలేజీయే. ఇక్కడ మిడ్ దాకా ఎవరూ అడగరు. వారాల పాఠమంతా రెండు రాత్రుల మీద పడుతుంది.

పరిష్కారం: క్లాసు జరిగిన రోజే, నోట్సు మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. పావుగంట చాలు.

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఉదయగిరి వైపు అబ్బాయి నోట్సు ఒకసారి చూశాను. 'ఇంటర్‌ఫరెన్స్ ఈజ్ ద సూపర్‌పొజిషన్ ఆఫ్...' అని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. అర్థమడిగితే తల దించుకున్నాడు. "తెలుగులోనే చెప్పు నాయనా" అన్నాను. కాసేపాగి, "వాన తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులొస్తాయి, అదా సార్?" అన్నాడు. అదే! కాంతి తరంగాలు ఒకదానిమీద ఒకటి పడి కలవడమే ఇంటర్‌ఫరెన్స్. ఆ మాటనే రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయించాను. మీరూ ముందు తెలుగులో పట్టుకోండి, తర్వాతే ఇంగ్లీషు. బట్టీ పడితే ప్రశ్న కాస్త తిప్పి అడగ్గానే చేతులెత్తేస్తారు.

సమస్య: మొదటి మిడ్ పోయింది, ఇక అయిపోయిందని టెన్షన్.

కారణం: లెక్క తెలియకపోవడం, అంతే.

పరిష్కారం: జేఎన్‌టీయూ అనంతపురం యూనివర్సిటీ ఆర్23 రెగ్యులేషన్‌లో (పరీక్షల నియమావళి) రెండు మిడ్‌లలో మెరుగైనదానికి 80 శాతం, మిగిలినదానికి 20 శాతం వెయిటేజీ. 30కి మొదట 9 వచ్చి, తర్వాత 25 తెచ్చుకుంటే 20 + 1.8, అంటే దాదాపు 22. సగటు తీస్తే 17 దగ్గరే ఆగేది.

సమస్య: అటెండెన్స్ షార్టేజ్.

కారణం: ఇంటి మీద బెంగ. శుక్రవారం సాయంత్రం నెల్లూరు బస్టాండ్‌లో బ్యాగు, మంగళవారం పొద్దున మళ్లీ క్లాసులో మొహం. శని, సోమ రెండూ పోతే ఆరు రోజుల్లో మిగిలేది నాలుగు, దాదాపు 67 శాతం. కావలసింది 75. కారణం సరైనదైతే 65 దాకా ఫీజు కట్టించుకుని కండోనేషన్ (మినహాయింపు) ఇస్తారు, అంతకు తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

పరిష్కారం: నెలకు ఒక్కసారే ఇంటికి వెళ్లండి. మరీ బెంగగా ఉంటే ఓ ఆదివారం అమ్మనే రమ్మనండి. ఆవకాయ జాడీ ఎలాగూ తెస్తుంది, మీ రూమ్మేట్లు కూడా సంతోషిస్తారు.