పెరట్లో జీడిమామిడి: ఆకు పోలిక నుంచి పిక్క ఏరేదాకా

కాయలు లేని రోజుల్లో జీడిమామిడిని ఆకును బట్టి పోల్చుకోవాలి. మామిడాకు పొడుగ్గా, కొన సన్నగా ఉంటుంది. జీడాకు అందుకు తిరగేసినట్టుంటుంది: కాడ దగ్గర సన్నగా మొదలై, పోనుపోను వెడల్పై, గుండ్రంగా ముగుస్తుంది. తాకితే తోలులా దళసరిగా ఉంటుంది, ఈనెలు పసుప్పచ్చగా తేలి కనిపిస్తాయి. ఆకు తుంచి చూసేటప్పుడు సొన చేతికి అంటనివ్వకండి.

పూత కొమ్మల చివర గుత్తులుగా వస్తుంది. గుత్తిలో ఎక్కువ భాగం మగపూలే, అవి కాయ కట్టవు. కాబట్టి పూలు రాలుతున్నాయని కంగారు పడనక్కర్లేదు. లేత రెమ్మలు, పూకాడలు నల్ల మచ్చలు పడి మాడిపోతుంటే మాత్రం టీ దోమ అనే పురుగు రసం పీలుస్తోందని అర్థం.

ముందు పిక్క పూర్తి సైజుకు ఎదుగుతుంది, ఆ తర్వాతే పైనున్న కాడ ఉబ్బి ఎర్రగానో పసుప్పచ్చగానో పండవుతుంది. నిజానికి కాయ పిక్కే. పండు వట్టి కాడ! చెట్టు నుంచి కోయకండి, ముదరని పిక్కలో పప్పు నిండదు. రాలినవి ఏ రోజుకారోజు ఏరి, పిక్కను మెలితిప్పి తీసి, రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. పండు మర్నాటికే పులుస్తుంది, ఆ రోజే తినేయాలి.

అసలు జాగ్రత్త పిక్కతోనే. పెంకు రెండు పొరల మధ్య తేనెపట్టులాంటి గదుల్లో ఘాటైన నూనె ఉంటుంది. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ తగిలితే చర్మం పొక్కుతుంది. మామిడి సొన పడనివారికి ఇది ఇంకా తీవ్రం. పచ్చి పిక్కను పంటితో కొరకొద్దు, వంటింట్లో కాల్చొద్దు: నూనె చిమ్ముతుంది, పొగ కళ్లనీ గొంతునీ మంటపెడుతుంది. ఒక్క చెట్టు పప్పు కోసం ఆ తంటా దండగ. పిక్కలు కాల్చి ఒలిచే పని తెలిసినవారికి ఇవ్వడమే మేలు.

కొత్తగా పెట్టాలంటే అంటు మొక్క తెచ్చుకోండి; పిక్క నుంచి మొలిచింది తల్లి చెట్టులా కాస్తుందన్న నమ్మకం లేదు. అయినా పిక్కే నాటతామంటే, నీళ్లలో మునిగినవి ఏరి, ఒక రోజు నానబెట్టి, కాడ అతుక్కున్న వైపు పైకి ఉండేలా పెట్టాలి. తల్లివేరు త్వరగా దిగుతుంది, చిన్న కుండీలో ఎక్కువకాలం ఉంచితే చుట్టుకుపోతుంది. అంటుకైతే 60 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి, అతుకు మట్టికి పైన ఉండేలా నాటాలి. అతుకు కింద వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే అవే అంటును మింగేస్తాయి. మొదటి రెండేళ్ల పూత తుంచేయండి. చుట్టూ 7 నుంచి 8 మీటర్ల చోటు కావాలి. నీరు నిలిచే చోట బతకదు.

ముదురు చెట్ల మొదళ్లను నెలకోసారి చూడండి. బెరడులో చిన్న రంధ్రాలు, జిగురు, రంపపు పొట్టు కనిపిస్తే కాండం తొలిచే పురుగు చేరింది. అప్పుడే బెరడు చెక్కి పురుగును బయటికి తీస్తే చెట్టు నిలుస్తుంది. ఆకులు పసుప్పచ్చగా మారి, మొదలు చుట్టూ సగానికిపైగా బెరడు పోయాక చేసేదేమీ లేదు. పక్క చెట్లకు పాకకముందే వేళ్లతో సహా తీసేయాలి.