లెదర్ సీట్లకు క్లీనర్ పట్టే ముందు

ముందు మీ సీటు ఏ రకమో తేల్చుకోండి. కనబడని చోట ఒక నీటి చుక్క వేయండి. చుక్క పైనే నిలిస్తే పూత ఉన్న లెదర్, ఈ కాలపు కార్లలో ఎక్కువగా ఇదే. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పూత లేనిది. అది చాలా సున్నితం, దానికని చేసిన క్లీనరే కొనండి. నూగు ఉండే స్వేడ్‌కు మామూలు లెదర్ క్లీనర్ అసలు వద్దు.

- బ్లీచ్, అమోనియా, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి. పూత, రంగు దెబ్బతింటే మామూలు క్రీమ్ వాటిని తిరిగి తేలేదు. గిన్నెల సబ్బు కూడా నాకు నచ్చదు.
- కొత్త క్లీనర్‌ను సీటు వెనక మూలన కొద్దిగా రాసి, ఆరాక చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయండి.
- దుమ్ము ముందే వ్యాక్యూమ్‌తో తీయండి, లేదంటే గీతలు పడతాయి.
- గాలాడేందుకు చిన్న చిల్లులు పెట్టిన సీటైతే స్ప్రే గుడ్డ మీదే కొట్టండి. లోపల ఫ్యాన్, హీటర్ వైర్లు ఉండవచ్చు.
- స్టీరింగ్‌కు, పెడల్స్‌కు జిడ్డు కండిషనర్ (లెదర్‌ను మెత్తగా ఉంచే క్రీమ్) రాయనే వద్దు. మలుపులో చెయ్యి జారితే ప్రాణం మీదికొస్తుంది.
- ఈ పనంతా బండి నీడలో పెట్టి, తలుపులన్నీ తెరిచి చేయండి.