బీకాం అకౌంట్స్ ఎలా చదవాలి: ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగు విద్యార్థులకు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు బీకాంలో చేరే తెలుగు పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, తరగతిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య చదువుతారు. ఆ గందరగోళంలో లావాదేవీ ఏమిటో అర్థం కాకముందే డెబిట్ (ఖాతాలో ఎడమ వైపు), క్రెడిట్ (కుడి వైపు) సూత్రాలు బట్టీ పట్టేస్తారు. అలా చేయొద్దు. చిట్టాలో (జర్నల్) పద్దు వేసే ముందు జరిగిందేమిటో తెలుగులో చెప్పుకోండి: "రాజుకి పదివేల సరుకు అరువిచ్చాం. రాజు మనకి బాకీ. అమ్మకం పెరిగింది." ఆ తర్వాత రాజు ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్ అని రాయడం తేలిక. ఆస్తులు, ఖర్చులు పెరిగితే డెబిట్. అప్పులు, మూలధనం, ఆదాయం పెరిగితే క్రెడిట్. తగ్గితే తిరగేయాలి.

బ్యాంకు పాస్‌బుక్ దగ్గర అందరూ తడబడతారు. మనం డబ్బు కడితే అందులో క్రెడిట్ అని పడుతుంది, ఎందుకంటే అది బ్యాంకు రాసుకున్న లెక్క. ఆ డబ్బు బ్యాంకు మనకి ఇవ్వాల్సిన బాకీ. మన పుస్తకంలో అదే డబ్బు ఆస్తి కనుక డెబిట్. ఇది తెలిస్తే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక (మన పుస్తకానికీ పాస్‌బుక్‌కీ తేడా సరిచూసే పట్టిక) సగం వచ్చినట్టే.

మొదటి మూడు వారాలు చిట్టా, ఆవర్జా (ఖాతాల పుస్తకం, లెడ్జర్) తప్ప ఇంకేమీ ముట్టుకోకండి. పుస్తకంలో చేసిపెట్టిన లెక్కను చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, ఖాళీ కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆడదు. జవాబు మూసి, గీతలు గీసుకుని, మొత్తాలు కట్టేదాకా చేత్తో రాయండి. రోజుకు ఒక పెద్ద లెక్క చాలు, కానీ మధ్యలో వదిలేయకూడదు.

అంకణా (అన్ని ఖాతాల నిల్వలను రెండు వైపులా పేర్చే ట్రయల్ బ్యాలెన్స్) కుదరకపోతే కంగారుగా అంతా కొట్టేయకండి. ముందు రెండు వైపులా మొత్తాలు మళ్ళీ కూడండి. తేడాను 2తో భాగించి, ఆ అంకె ఎక్కడైనా తప్పు వైపు పడిందేమో చూడండి. తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 5,400 బదులు 4,500 వేస్తే తేడా 900. అంకణా కుదిరినంత మాత్రాన లెక్క సరైనదనుకోకండి. పూర్తిగా వదిలేసిన పద్దు గానీ, కొన్న యంత్రాన్ని మరమ్మతు ఖర్చులో రాయడం గానీ అందులో బయటపడవు.

ముగింపు లెక్కల్లో (ఏడాది చివర లాభనష్టాలు, ఆస్తి అప్పులు తేల్చే లెక్కలు) మార్కులు పోయేది సర్దుబాట్ల దగ్గరే. అంకణా కింద ఇచ్చిన ప్రతి సర్దుబాటూ రెండు చోట్ల పడాలి. అంకణాలోనే ఉన్న అంశం ఒక్క చోటే పడుతుంది. ప్రశ్న చదవగానే ప్రతి సర్దుబాటు పక్కన రెండు చిన్న గళ్ళు గీసి, రాసినప్పుడల్లా ఒకటి టిక్కు పెట్టండి. జులై 1న ఏడాదికి 12,000 బీమా కడితే మార్చి 31కి తొమ్మిది నెలల 9,000 మాత్రమే ఈ ఏటి ఖర్చు. మిగతా 3,000 ముందుగా చెల్లించిన బీమాగా ఆస్తుల్లోకి పోతుంది. బాకీదారులు 50,000, అందులో ఇక రాదని కొత్తగా కొట్టేయాల్సిన బాకీ 2,000, మిగిలినదానిపై రాకపోవచ్చనే బాకీల కోసం 5 శాతం ఏర్పాటు చేయమంటే 48,000 మీద 2,400 వేయాలి. 50,000 మీద 2,500 వేసేవాళ్ళే ఎక్కువ.

తరుగుదలలో (వాడకం వల్ల ఆస్తి విలువ ఏటా తగ్గడం) తేదీ చూడండి. 80,000 పెట్టి జీడిపిక్కల యంత్రం కొంటే 10 శాతం చొప్పున స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 8,000. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 8,000, తర్వాత 7,200, ఆపైన 6,480. అక్టోబరు 1న కొంటే మొదటి ఏడాదికి రెండు పద్ధతుల్లోనూ ఆరు నెలలకే, అంటే 4,000.

జీఎస్టీ (వస్తు సేవల పన్ను) పాఠం మాత్రం సరిహద్దు వాళ్ళకి కళ్ళెదుటే ఉంది, దాన్ని వాడుకోండి. పర్లాకిమిడి కొట్టువాళ్ళు పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి 18 శాతం పన్నున్న సరుకు 10,000కి తెస్తే రాష్ట్రం దాటింది కనుక ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరుకుపై పన్ను) 1,800. ఎంతో దూరంలోని బరంపురం నుంచి తెస్తే ఒకే రాష్ట్రం కనుక సీజీఎస్టీ (కేంద్రం వాటా) 900, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 900. ఎటు తెచ్చినా కొనుగోళ్ల ఖాతాలో 10,000 మాత్రమే రాయాలి; వెనక్కి సర్దుకోగల పన్ను వేరే ఖాతా. 11,800 అని రాస్తే లాభం తప్పుతుంది. అదే సరుకు ఊళ్ళోనే 15,000కి అమ్మితే సీజీఎస్టీ 1,350, ఎస్‌జీఎస్టీ 1,350 కట్టాలి. పాతపట్నం బిల్లు మీది ఐజీఎస్టీ 1,800లో 1,350 సీజీఎస్టీకి, 450 ఎస్‌జీఎస్టీకి సర్దితే ఎస్‌జీఎస్టీ 900 కట్టాలి. బరంపురం బిల్లయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ 450 చొప్పున కట్టాలి. కొనుగోలు మీది సీజీఎస్టీ క్రెడిట్‌ని (వెనక్కి సర్దుకోగల పన్నుని) ఎస్‌జీఎస్టీకి వాడకూడదు. ఈ రెండు బిల్లులకూ పద్దులు పక్కపక్కన రాయండి. తెలిసిన కొట్టువాళ్ళని అడిగితే అసలు బిల్లులు చూపిస్తారు, పుస్తకం కంటే అవే బాగా అర్థమవుతాయి.

ట్యాలీ (కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఇదంతా చేతికొచ్చాకే. అందులో తప్పు ఖాతా ఎంచుకున్నా రెండు వైపులూ చక్కగా కుదిరిపోతాయి, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి కాగితం మీది అలవాటే కావాలి. సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఆలోచన ఉన్నవాళ్ళు డిగ్రీ మార్కులు ఇప్పటినుంచే చూసుకోండి: కామర్స్ పట్టభద్రులకు 55 శాతం ఉంటే మొదటి మెట్టైన ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో నమోదు కావచ్చు.